పోటు చూసి కొట్టే గంట

నాన్న మొదటిసారి మా ఇంటికి వస్తున్నాడని తెలియగానే కుర్చీలోంచి ఎగిరి గెంతాను. మరుక్షణమే అదే కుర్చీలో కూలబడ్డాను.

గెంతడం ఎందుకో చెప్పనక్కర్లేదు. పెళ్లయి ఇంకా కొత్త వాసన పోలేదు. నీలం రంగు తలుపు, మూత లేని టీ కెటిల్, పక్కపక్కనే వేలాడే రెండు గొడుగులు, కిటికీ తెరిస్తే దుప్పటి మీదికి వచ్చి పడే సముద్రపు ఇసుక... ఇవన్నీ నాన్నకి చూపించాలి. మా ఆయన్ని మళ్లీ ఒకసారి చూపించాలి. ‘మా ఆయన’ అని రాస్తుంటే నాకింకా నవ్వొస్తుంది. ఆ మాట కొత్త చెప్పుల్లాంటిది. అడుగేసినప్పుడల్లా చప్పుడు చేస్తుంది.

కూలబడడం ఎందుకో చెప్పాలంటే ముందు మా బడి గురించి చెప్పాలి.

మా బడి సముద్రపు ఒడ్డున ఉంది. రెండు గదులు, ఒక వరండా, వరండాలో ఒక ఇత్తడి గంట. ప్రధానోపాధ్యాయురాలు మా అత్తయ్య. చిన్న తరగతులకి టీచర్ని నేను. నేను ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన ఏడాదంతా అత్తయ్య పక్క గదిలోంచి నా పాఠాలు విన్నారట. ఆ తర్వాత మా నాన్నకి ఫోన్ చేసి, “మీ అమ్మాయి గొంతు బళ్లో వింటే చాలడం లేదండీ, ఇంట్లో కూడా కావాలి” అన్నారు. ఆ ఫోన్ కంటే చాలా ముందే వాళ్లబ్బాయి నా గొంతు వినడం మొదలుపెట్టాడన్న సంగతి ఆవిడకి తెలియదని మేమిద్దరం అనుకున్నాం. తెలుసు. ఆవిడకి అన్నీ తెలుసు.

మా బడి పిల్లల్లో ఎక్కువమంది ఎదురుగా ఉన్న దీవి మీద ఉంటారు. దీవికీ ఒడ్డుకీ మధ్య ఒక రాళ్ల బాట ఉంది. ఆటు సమయంలో నీళ్లు తీసేస్తే బాట బయటపడుతుంది. పోటు వస్తే మునిగిపోతుంది. పడవ వేద్దామంటే ఆ పాయలో సుడులు. పెద్దవాళ్లే దిగడానికి జంకుతారు. అందుకని మా బడి గడియారం చూసి నడవదు, నీళ్లని చూసి నడుస్తుంది. నీళ్లు పొద్దున్నే తీస్తే పొద్దున్నే బడి. మధ్యాహ్నం తీస్తే మధ్యాహ్నం బడి. బాట మొదట్లో రేకుల గుడిసెలో ఒక ముసలాయన కూర్చుంటాడు. ఒకప్పుడు పడవ నడిపినవాడు. నీళ్లు తిరిగే సూచన కనిపించగానే కర్రకి ఎర్రగుడ్డ ఎగరేస్తాడు. ఇక ఏ పాఠమైనా అక్కడికక్కడే ఆపేసి, పిల్లలు సంచులు తగిలించుకుని బాట పట్టాలి. అందరూ ఆయన్ని ఎర్రగుడ్డ తాత అంటారు.

మా ఆయన ఉద్యోగం రేవులో నీటిమట్టం కొలవడం. మర్నాటి ఆటుపోట్లు లెక్కగట్టి బడి తలుపు మీదా, మా వంటింటి పలక మీదా రాస్తారు. వంటింటి పలక మీద నాకోసం ఇంకో ముక్క అదనంగా ఉంటుంది. ‘రేపు నీళ్లు ఆలస్యం. నేను మాత్రం తొందరగా వస్తాను.’ అది చెరపడానికి నాకు చేతులు రావు. దానికింద మర్నాటి సంగతి ఇరికించి రాయాల్సి వచ్చి ఆయన విసుక్కుంటారు. ఆ విసుగు కూడా నాకు బాగుంటుంది.

ఇంత హాయిగా ఉండగా రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. దేశంలో ప్రతి ప్రభుత్వ బడీ ఒకే వేళకి తెరవాలి, తొమ్మిదింటికి. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ఆ వేళ పాటించని చిన్న బడుల్ని మూసేసి, పిల్లల్ని దగ్గర్లో ఉన్న పెద్ద బడిలో చేరుస్తారు.

మా దగ్గర్లో ఉన్న పెద్ద బడి పట్నం నడిబొడ్డున ఉంది. అక్కడ గంట తొమ్మిదింటికే కొడతారు. నెలలో సగం రోజులు తొమ్మిదింటికి మా బాట నీళ్లలో ఉంటుంది. అంటే దీవి పిల్లలు నెలలో సగం రోజులు బడికి రారు. అలా సగం రోజులు రాని పిల్ల ఏదో ఒకరోజు పూర్తిగా రావడం మానేస్తుంది. ఇది ఎవరూ విడమర్చి చెప్పాల్సిన సంగతి కాదు.

అత్తయ్య ఆ ఉత్తర్వు గట్టిగా చదివి, కళ్లజోడు తీసి నన్ను చూశారు.

“ఇది మీ నాన్నగారి శాఖే కదూ?”

“శాఖే కాదత్తయ్యా, ఆయన సెక్షనే. ఆయన కలమే.”

“అయితే ఇది వియ్యంకుడి పెట్టుపోతలన్నమాట. పెళ్లిలో మర్చిపోయి ఇప్పుడు పంపించారు,” అని కాగితం మడిచి గంట వెనకాల మేకుకి గుచ్చారు. నవ్వారు గానీ, ఆ సాయంత్రం టీలో చక్కెర వేసుకోవడం మర్చిపోయారు. నేను గమనించాను.

అదుగో, ఆ కలం పట్టుకున్న మనిషి ఇప్పుడు వస్తున్నాడు. రెండు రోజులు ఉంటాడట.

*

స్టేషన్లో దిగగానే నాన్న నన్ను చూడలేదు, ముందు చేతి గడియారం చూసుకున్నాడు.

“రైలు ఆలస్యం,” అన్నాడు.

“నేను బాగానే ఉన్నాను నాన్నా,” అన్నాను.

అప్పుడు నవ్వి తల మీద చెయ్యి వేశాడు. మా ఆయన సంచీ అందుకోబోతే, “వద్దు అల్లుడుగారూ, బరువుగా ఉంది” అన్నాడు. “అందుకే మావయ్యగారూ” అని ఆయన లాక్కున్నారు. నాకు ఇద్దరి మీదా ఒక్కసారే ప్రేమ పొంగింది. కొత్తగా పెళ్లైనవాళ్లకి ఇలాంటివి అవుతుంటాయి. ఓపిక పట్టాలి.

ఇంట్లో మొదటి టీ పూర్తయ్యేదాకా అత్తయ్య ప్రయాణం గురించే అడిగారు. రెండో కప్పు పోస్తూ మొదలుపెట్టారు.

“అన్నయ్యగారూ, మీ ఉత్తర్వు అందింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.”

“టైపు చేసింది చెల్లెమ్మా.”

“అదే అనుకున్నాను. చేత్తో రాసుంటే మధ్యలో ఎక్కడో చెయ్యి ఆగేది.”

నాన్న కప్పు కింద పెట్టాడు. కోపం రాలేదు. ఆయనకి వాదన అంటే ఇష్టం. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి అన్నం కంటే వాదనే ఎక్కువ తిన్నాం.

“నన్ను ఒక్క మాట చెప్పనివ్వండి. నేను చదువుకున్న బళ్లో మాస్టారు వచ్చినప్పుడే గంట. ఆయనకి పొలం పనుంటే మాకు బడి లేదు. ఎండలో మెట్ల మీద కూర్చుని ఎదురుచూసి ఇంటికి పోయేవాళ్లం. అదే పక్క పట్నంలో డబ్బున్నవాళ్ల పిల్లలకి తొమ్మిదింటికి ఠంచనుగా గంట. ఆ వయసులోనే అనుకున్నాను, దేశం అంటూ ఒకటి ఉంటే అది ముందు చెయ్యాల్సిన పని ఆ గంటని అందరికీ ఒకేలా కొట్టించడం అని. పై నుంచి ఒకరు అడక్కపోతే పేదవాడి బడిని ఎవరూ అడగరు చెల్లెమ్మా.”

నాన్న ఈ మెట్ల సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. వాదన గెలవడానికి వియ్యపురాలికి చెప్పాడు.

అత్తయ్య కెటిల్ కింద పెట్టారు. తర్వాత మెల్లగా అన్నారు. “మీ మాస్టారు ఎగ్గొట్టేవారు. ఒప్పుకుంటాను. మా మాస్టారు సముద్రం. ఆయన ఇంతవరకూ ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. కాకపోతే తొమ్మిదింటికి రమ్మంటే వినడు.”

“మరి పట్నం బడికి...”

“బాట మునిగుంటుంది అన్నయ్యగారూ. ఎక్కడి బడైనా అదే బాట. వంతెన కట్టించండి, మీరు చెప్పిన వేళకి గంట కొట్టకపోతే అడగండి.”

“వంతెన నా శాఖ కాదు చెల్లెమ్మా.”

“సముద్రం మాత్రం మీ శాఖా?”

మా ఆయనకి టీ పొలమారింది. నేను ఆయన వీపు తట్టే నెపంతో నవ్వు దాచుకున్నాను. నాన్న కూడా నవ్వాడు. అయితే ఆ నవ్వు పూర్తిగా విచ్చుకోకముందే సంచీలోంచి ఒక కాగితం తీశాడు.

“ఇది కూడా చూడండి మరి. దేశమంతా పెట్టిన పరీక్షలో మీ బడి ఫలితం. చదవడంలో మీ పిల్లలు రాజధాని పిల్లలతో సమానం. అబద్ధమెందుకు, కొంచెం పైనే. లెక్కల్లో మాత్రం రెండు తరగతులు వెనక. వేళాపాళా లేని బడి అయితే ఇంతే. దీనికి జవాబేమిటి?”

“ఆ పరీక్షా?” అత్తయ్య కాగితం వైపు చూడనైనా లేదు. “అది పిల్లల్ని పరీక్షించదు, పిల్లల సహనాన్ని పరీక్షిస్తుంది. మా పిల్లలకి లెక్కలంటే ప్రాణం. రేపు మీరే వచ్చి అడగండి.”

తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్లని ఇద్దరూ భీష్మించుకున్నారు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కని. ఆ సాయంత్రం మా ఆయనా నేనూ బయట మెట్ల మీద కూర్చున్నాం.

“బడి మూతపడితే అత్తయ్య మా నాన్నతో మాట్లాడతారా?” అన్నాను.

“మాట్లాడుతుంది. అదే భయం.”

“హాస్యాలొద్దు. నిజం చెప్పండి.”

ఆయన నా చేతిలోని పల్లీ ఒకటి తీసుకుని ఒలిచారు. “అమ్మకి ఆ బడి పోతే ఈ ఇల్లు ఇలా ఉండదు. అది నిజం. మీ నాన్న చెడ్డవాడు కాదు. అదీ నిజం. మిగతాది రేపు చూద్దాం. రేపు నీళ్లు మధ్యాహ్నం తీస్తాయి.”

ఆయనకి ప్రపంచంలో ఏ సంగతైనా చివరికి నీళ్ల దగ్గరే తేలుతుంది. ఆశ్చర్యం ఏమిటంటే, నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

*

మర్నాడు నాన్న గడ్డం గీసుకుని, బూట్లు వేసుకుని తొమ్మిది కొట్టేసరికి గుమ్మంలో నిలబడ్డాడు. అత్తయ్య చాప మీద కూర్చుని పేపరు చదువుతున్నారు.

“కూర్చోండి అన్నయ్యగారూ. సముద్రం ఇంకా లేవలేదు.”

పాపం, బూట్లతోనే కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుని, మా ఆయన పలక మీద రాసినదాన్ని పదేపదే చదివాడు. నాకోసం రాసిన అదనపు ముక్కతో సహా. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మేం వెళ్లేసరికి నీళ్లు తీస్తున్నాయి. ముందు బాట మధ్యలోని పెద్దరాయి వీపు తేలింది. తర్వాత ఒక్కొక్కటే మిగతావి. బాట పూర్తిగా బయటపడేదాకా పిల్లలు అవతలి ఒడ్డున వరసగా నిలబడ్డారు. ఎర్రగుడ్డ తాత చెయ్యి ఊపగానే చెప్పులు చేత పట్టుకుని బయల్దేరారు. పెద్దపిల్లలు చిన్నవాళ్ల చేతులు పట్టుకున్నారు. ఎవరూ పరుగెత్తలేదు. బాట మీద పరుగెత్తకూడదన్నది మా బళ్లో మొదటి పాఠం, అక్షరాల కంటే ముందు.

అత్తయ్య గంట కొట్టారు. నాన్న అలవాటు కొద్దీ గడియారం చూసుకోబోయి, ఎందుకో మానేశాడు. చేతిని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

నా తరగతికి రాతపని ఇచ్చి నేనూ అత్తయ్య గదిలోకి వెళ్లాను. అక్కడ మొదటి పాఠం చదవడం. మా బళ్లో ఎప్పుడూ అంతే. తడి కాళ్లతో, ఉప్పు మొహాలతో వచ్చిన పిల్లల్ని కుదుటపరచాలంటే కథకి మించింది లేదని అత్తయ్య అంటారు. ఆ తర్వాత రాత. చివరికి, బుర్రలు బాగా వేడెక్కాక, లెక్కలు. ఆవిడ చేరిన రోజు నుంచీ ఇదే వరస.

పిల్లలు చదువుతుంటే నాన్న వెనక బల్ల మీద కూర్చుని వింటున్నాడు. ఒకడు పులి మాట గంభీరంగా, ఇంకొకడు మేక మాట సన్నగా. చదువుతున్నట్టు లేదు, ఆడుతున్నట్టు ఉంది. నాన్న పెదవులు కూడా కదులుతున్నాయి. అది చూసి నా గుండె కాస్త తేలికపడింది.

“నేనొక ప్రశ్న అడగొచ్చా?” అని లేచాడు. “మీకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఏది?”

“లెక్కలు!” అని గదంతా ఒక్కసారే అరిచింది.

అత్తయ్య నాన్న వైపు చూసిన చూపుని ఫ్రేము కట్టించి గోడకి తగిలించొచ్చు.

నాన్న నిజంగానే సంతోషించాడు. ముందు వరసలో ముందుపళ్లు ఊడిన పిల్ల ఒకతి ఉంటే ఆమె దగ్గర వంగి, “ఎందుకమ్మా, లెక్కల్లో ఏం బాగుంటుంది?” అని అడిగాడు.

ఆ పిల్ల ఇంత సులువైన ప్రశ్న కూడా అడుగుతారా అన్నట్టు చూసింది. “లెక్కలు మొదలెట్టగానే తాత ఎర్రగుడ్డ ఎగరేస్తాడు కదా. ఇంటికెళ్లిపోవచ్చు.”

గదిలో ఎవరూ నవ్వలేదు. పిల్లలకి అందులో నవ్వాల్సింది ఏమీ లేదు. అది మామూలు సంగతి.

నాకు మాత్రం అప్పుడు వెలిగింది. ఇన్నాళ్లుగా నేను పక్క గదిలోంచి రోజూ వింటున్నదే. అత్తయ్య గొంతు “లెక్కల పుస్తకాలు తియ్యండి” అనడం, కాసేపటికి “ఎర్రగుడ్డ! సంచులు సర్దండి” అనడం. ఎర్రగుడ్డ తాత జాగ్రత్తపరుడు, నీళ్లు తిరగడానికి చాలా ముందే ఎగరేస్తాడు. రోజూ లెక్కలు మొదలవుతాయి కాబట్టి, రోజూ లెక్కలు చెబుతున్నామనే అందరం అనుకున్నాం. కూడికలూ తీసివేతలూ వచ్చేశాయి. భాగహారం దగ్గరికి వచ్చేసరికి పోటు వచ్చేది.

సముద్రం మా పిల్లల భాగహారాన్ని ఏళ్ల తరబడి మింగుతోంది. ఒడ్డునే ఉన్నా మేమెవరమూ చూడలేదు. దూరాన ఉన్న ఒక కాగితం చూసింది.

ఇంక అయిపోయిందనుకున్నాను. నాన్న చేతికి కావాల్సిన ఆయుధం దొరికింది. “చూశారా, వేళ లేని బడి!” అంటే చాలు. ఆయన నోరు తెరిచాడు కూడా.

అత్తయ్య జుట్టు ముడి సరిచేసుకున్నారు. ఆవిడకి మనసు కుదురుగా లేనప్పుడు చేసే పని అది. నల్లబల్ల దగ్గరికి నడిచి, దాని మీద ఉన్నదంతా చెరిపేశారు.

“అన్నయ్యగారూ,” అన్నారు, పిల్లలందరూ వినేట్టుగానే. “మీ పరీక్షని నిన్న తిట్టాను. ఆ తిట్టు వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు నాది. పాఠాల వరస నేను పెట్టింది. సముద్రం దగ్గర ఇన్నేళ్లున్నా, రోజులో ఏ చివర అది కొరుకుతుందో చూసుకోలేదు.” తర్వాత పిల్లల వైపు తిరిగారు. “రేపటి నుంచి రాగానే లెక్కలు. కథ చివర్న.”

“అయ్యో!” అని గదంతా మూలిగింది. ముందుపళ్లు లేని పిల్ల, ఈ ఉపద్రవానికి కారణం తానేనని తెలిసి, బల్ల కింద దూరింది.

నాన్న తెరిచిన నోరు మూశాడు. మళ్లీ తెరిచాడు.

“చెల్లెమ్మా,” అన్నాడు చివరికి, “రేపు నేను కూడా వచ్చి కూర్చోవచ్చా?”

*

మర్నాడు ఇంకొంచెం ఆలస్యంగా బడి. నాన్న ఆరోజు బూట్లు వేసుకోలేదు, మా ఆయన చెప్పులు వేసుకున్నాడు.

రాగానే లెక్కలు. తడి కాళ్లతో భాగహారం ఎలా కుదురుతుందోనని నాకు అనుమానం. అత్తయ్య పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్లి గవ్వలు పంచమన్నారు. ఇంతమందికి ఇన్ని, మిగిలినవి ఎన్ని, మిగిలినవాటిని ఏం చెయ్యాలి. మిగిలినవాటి దగ్గర పెద్ద పోట్లాట అయింది. నాన్న తగువు తీర్చబోయి రెండు పక్షాల చేతా తిట్లు తిన్నాడు. గొంతుక్కూర్చుని ఒక పిల్లవాడికి శేషం అంటే ఏమిటో చెబుతుంటే, ఫైళ్ల వెనక ఇన్నాళ్లూ దాక్కున్న మాస్టారు ఒకడు బయటికి వచ్చాడనిపించింది.

తర్వాత రాత. చివర్న, రెండు గదుల పిల్లలూ ఒకచోట చేరాక, కథ. కథ చెప్పే పని నా మీద పడింది. నాకు ఏ కథా సిద్ధంగా లేదు. గంట వైపు చూస్తూ నోటికొచ్చింది మొదలుపెట్టాను. ఒక రాజుగారి గంటని ఒక గాడిద మింగేసింది. అది ఎక్కడ నడిస్తే అక్కడ గంట మోగుతుంది. అది సంతలో నడిస్తే సంతవాళ్లు కొట్లు కట్టేస్తారు. పొలంలో నడిస్తే రైతులు నాగళ్లు దించేస్తారు. గాడిదకి ఎక్కిళ్లు పట్టుకున్న రోజున సైన్యం మొత్తం మూడుసార్లు అన్నానికి కూర్చుంది. చివరికి రాజుగారికి కోపం వచ్చి, గాడిదని పట్టుకురమ్మని భటుల్ని పంపితే, ఆ గాడిద ఒక బావి గట్టు మీద...

“ఎర్రగుడ్డ!” అన్నారు అత్తయ్య.

“టీచర్, టీచర్, గాడిద ఏమైంది? ఒక్క ముక్క!”

“తాతా, ఇంకొంచెం సేపు ఆగు తాతా!” అని కిటికీలోంచి అరిచాడొకడు. ఎర్రగుడ్డ తాత ఆగలేదు. సముద్రం తరఫున పనిచేసేవాడు ఎవరి మాటా వినడు.

పిల్లలు వెనక్కి తిరిగి చూసుకుంటూ బాట మీద వెళ్లారు. నాన్న వరండాలో నిలబడి, చివరి పిల్ల అవతలి ఒడ్డు ఎక్కేదాకా చూశాడు. ఆ తర్వాత మెల్లగా నీళ్లు పెద్దరాయి మీదికి ఎక్కాయి. దాన్నీ చూశాడు.

“చెల్లెమ్మా,” అన్నాడు. “ఏడాదికి ఇంతసేపు చదువు తగ్గకూడదని అడిగే హక్కు నాకుంది.”

“ఉంది.”

“ఏ బళ్లో ఏ పిల్ల వెనకపడిందో కొలిచే హక్కు ఉంది.”

“ఉంది. నిన్నటి నుంచి ఇంకా ఉంది.”

“టీచర్నీ పుస్తకాన్నీ పైకప్పునీ ఇవ్వాల్సిన బాధ్యత ఉంది.”

“వంతెన మర్చిపోయారు.”

“వస్తున్నాను చెల్లెమ్మా, వస్తున్నాను. ఎంతసేపు అన్నది మేం చెబుతాం. ఎప్పుడు అన్నది మీరు చెప్పాలి. అది ఊరికందరికీ కనపడేలా తలుపు మీద రాసి ఉండాలి, మీ అబ్బాయి రాసినట్టు. రాసిన వేళకి గంట కొట్టకపోతే మాత్రం నేను ఊరుకోను. మా మాస్టారిలాంటివాళ్లు మీ సముద్రం పేరు చెప్పి తప్పించుకోకూడదు.”

“రాయండి,” అన్నారు అత్తయ్య. “కానీ మీ పైవాళ్లు ఒప్పుకుంటారా?”

నాన్న గడియారం చూసుకున్నాడు. రైలు వేళయింది. స్టేషన్లో నా చెయ్యి పట్టుకుని, “నేను ఒక్కణ్ణే అయితే ఇప్పుడే సంతకం పెట్టేవాణ్ణిరా. నా పైన ఇంకా చాలా కుర్చీలున్నాయి” అన్నాడు. రైలు కదిలాక కిటికీలోంచి ఏదో అడిగాడు. చప్పుడులో వినపడలేదు.

*

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెబితే సరిపోదు. కిందటి ఏడాది ఇంత నెమ్మదిగా నడవలేదు. అత్తయ్య టీలో చక్కెర ఒకరోజు రెండుసార్లు వేసుకునేవారు, ఒకరోజు మర్చిపోయేవారు. బళ్లో మాత్రం ఒక వింత జరిగింది. కథ మధ్యలో ఆగిపోతుంది కాబట్టి, మర్నాడు పిల్లలు అవతలి ఒడ్డున ముందే వచ్చి నిలబడడం మొదలుపెట్టారు. వచ్చి కూర్చోగానే కథ ఉండదు, భాగహారం ఉంటుంది. కథ కావాలంటే దాన్ని దాటుకుని రావాలి. దాటారు. సణుగుతూ దాటారు. ముందుపళ్లు లేని పిల్లకి పళ్లు మొలవడమూ, శేషం సరిగ్గా రావడమూ ఒకే వారంలో జరిగాయి. రెండిటినీ అందరికీ చూపించింది.

ఒకరోజు నీళ్లు పొద్దున్నే తీశాయి. పిల్లల్ని పంపించి ఇంటికొచ్చి, మూత లేని కెటిల్లో టీ పెడుతున్నాను. మా ఆయన నా వెనక నిలబడి, సాయం చేస్తున్నానంటూ పనికి అడ్డం పడుతున్నారు. ఫోన్ మోగింది.

“అమ్మా,” అన్నాడు నాన్న.

“చెప్పు నాన్నా.”

“ఒప్పుకున్నారు. సవరణ ఇవాళే బయల్దేరింది. ‘స్థానిక పరిస్థితులను బట్టి బడి వేళ బడే నిర్ణయించుకోవచ్చు.’ పేర్లేమీ లేవు కానీ, అది మీ బాటేరా. మీ అత్తగారికి చెప్పు.”

నేను చెప్పలేదు. చెప్పలేకపోయాను. నా మొహం చూసి మా ఆయనకి అర్థమైంది. ఆయన మొహం చూసి గుమ్మంలో ఉన్న అత్తయ్యకి అర్థమైంది. ఆవిడ అక్కడే చాప మీద కూర్చుండిపోయి, కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. కళ్లద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. ఇంట్లో బిగించి ఉన్నదేదో వదులైంది. టీ పొంగి పొయ్యి మీద పడితే ముగ్గురం దాన్ని చూస్తూ ఉండిపోయామే తప్ప ఒక్కరూ కట్టెయ్యలేదు.

చివరికి అత్తయ్య చెయ్యి చాపి ఫోన్ అందుకున్నారు.

“అన్నయ్యగారూ, చల్లని మాట చెప్పారు. అవునూ, వంతెన సంగతి ఏమైంది?”

“హలో? చెల్లెమ్మా? లైను సరిగ్గా లేదు, ఏదీ వినపడడం లేదు...”

“నాకు మీరు బ్రహ్మాండంగా వినపడుతున్నారు.”

“ఆ శాఖకి రాశాను,” అన్నాడు నాన్న, దొరికిపోయిన గొంతుతో. “నిజంగానే రాశాను. ఒకసారి అమ్మాయికి ఇవ్వండి.”

మళ్లీ నేను అందుకున్నాను. అవతల కాసేపు గొంతు సవరించుకున్న చప్పుడు. ఆ గొంతు నాకు తెలుసు. పెద్ద ఆఫీసరు, చుట్టూ ఎవరైనా వింటున్నారేమోనని చూసుకుంటున్నాడు.

“రైల్లోంచి అడిగాను, నువ్వు వినలేదు,” అన్నాడు మెల్లగా. “ఇంతకీ బావి గట్టు మీద ఆ గాడిద ఏమైంది?”

“అప్పుడు తప్పించుకుంది నాన్నా. ఊళ్లన్నీ తిరిగొచ్చి ఇవాళ అదే బావిలో పడింది. ఇప్పుడు బావి మోగుతోంది.”

“మరి పైకి ఎలా వస్తుంది?”

“నాకూ తెలియదు. రేపు చెప్పాలి.”

“రేపు ఎన్నింటికి?”

నేను వంటింటి పలక వైపు చూశాను. మర్నాటి నీళ్ల సంగతి అప్పటికే రాసి ఉంది. దానికింద నాకోసం ఇంకో ముక్క కూడా ఉంది. అది మాత్రం నాన్నకి చదివి వినిపించలేదు.